బి.కాం ఆవర్జాలో మన ఊరి పద్దు ఏది?

ముంబయి వ్యాపారి ఒకరు కోల్‌కతా ఏజెంటుకు వంద పెట్టెల సరుకు పంపారు. రవాణా ఇంత, దారిలో పాడైనవి ఇన్ని, ఏజెంటు కమీషన్ ఇంత. కన్‌సైన్‌మెంట్ ఖాతా తయారుచేయండి. బి.కాం చదివిన ప్రతివారూ ఏదో ఒక రూపంలో చేసిన లెక్క ఇది. శ్రీకాకుళంలోనూ ఇదే లెక్క, విజయనగరంలోనూ ఇదే. సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చి ఆ బెంచీల మీద కూర్చునే పిల్లలకు ఉద్దానం కొబ్బరికాయల లారీలు ఉత్తరాది బజార్లకు కదలడం చిన్నప్పటి నుంచీ తెలిసిన దృశ్యం. దారిలో పగిలిన కాయల నష్టం ఎవరిది, అవతలి ఊళ్లో సరుకు తీసుకున్నవాడు బాకీ ఎగ్గొడితే భారం ఎవరి మీద పడుతుంది, కమీషన్ ఎంత కోస్తారు అన్నవి ఆ ఊళ్ల అరుగుల మీద నలిగే మాటలే. పుస్తకం వాటిని సాధారణ నష్టం అనీ డెల్ క్రెడరే కమీషన్ అనీ పిలుస్తుంది. అరుగు మాటా పుస్తకం మాటా ఒకటేనని తరగతి గదిలో చెప్పేవారు చాలా తక్కువ. ఆ ముక్క తెలియకుండానే పిల్లలు లెక్క చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, మూడేళ్ల తర్వాత పట్టా చేతబట్టుకుని విశాఖ రైలెక్కుతారు.

ఈ రెండు జిల్లాల్లో డిగ్రీ చదువు అందని పండేమీ కాదు. విజయనగరం మహారాజా కళాశాలది 1879 నుంచీ సాగుతున్న చరిత్ర. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైన చదువుల చోటు 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. ప్రభుత్వ కళాశాలలు, ప్రైవేటు కళాశాలలు పట్టణాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ ఉన్నాయి. ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నవారు, ఎంపీసీ, బైపీసీల నుంచి దారి మార్చుకున్నవారు కూడా బి.కాంలో చేరుతున్నారు. కోర్సు పేరు చివర కంప్యూటర్ అప్లికేషన్స్ అని ఉంటే మొగ్గు ఇంకా ఎక్కువ. సీటు దొరకడం సమస్య కాదు. ఆ సీట్లో కూర్చున్న మూడేళ్లలో పిల్లల కంటబడే లోకమేదన్నదే నా ప్రశ్న.

ఈ నేలకు లెక్క కొత్త కాదు. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచిన రోజుల్లో ఆ పేరుకు 'సిక్కా ఖోల్', అంటే నాణేల సంచి విప్పు అన్న మాటే మూలమని ఇక్కడివారు చెప్పుకునే కథ ఒకటి ఉంది. అది చరిత్రో కల్పనో గానీ, పన్ను వసూళ్ల జ్ఞాపకం ఊరి పేరుతో కలిసిపోయిందని మాత్రం చెబుతుంది. 1984లో రద్దయ్యేదాకా గ్రామాల్లో కరణాల దస్త్రాలు నడిచాయి. కిరాణా కొట్టు షావుకారు పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు రాసుకునేవాడు. ఇటలీలో లూకా పచోలీ 1494లో జంట పద్దు విధానాన్ని అచ్చు వేయించాడని మనం మొదటి ఏడాదే నేర్పుతాం, నేర్పాలి కూడా. కానీ చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), అనామతు ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) అన్న మాటలను తెలుగు అకాడమీ పుస్తకాలు గాలిలోంచి సృష్టించలేదు. అనామతు, జమ, ఆవర్జా వంటివి ఉర్దూ పారశీకాల మీదుగా దివాణాల్లోకి, అక్కడి నుంచి కొట్లలోకి వచ్చాయి. ఎటు జమకట్టాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా పెట్టే చోటును అనామతు అనగానే ఈ ప్రాంతపు వ్యాపారికి అర్థమవుతుంది. దాన్నే సస్పెన్స్ అకౌంట్ అంటే ఇంటర్ తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికి ముందు ఆ మాట అర్థం కావాలి, తర్వాతే లెక్క.

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియంలోనే ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఉద్యోగాలు ఇంగ్లీషులో ఉన్నాయన్న వాదనను నేను కొట్టిపారేయను. ట్యాలీ తెర మీదా, జీఎస్టీ పోర్టల్ మీదా ఎక్కువగా కనిపించేది ఇంగ్లీషే. కానీ ఒక విషయం గమనించండి. చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలను ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రాయవచ్చు. కాన్పూర్ కుర్రాడు తన ఇంటి భాషలో సీఏ రాయగలడు, టెక్కలి కుర్రాడు రాయలేడు. దేశంలో అంత కఠినమైన వృత్తి పరీక్షను మాతృభాషలో రాసినంత మాత్రాన హిందీ పిల్లల లెక్క చెడిపోతుందని ఎవరూ అనడం లేదు. మరి డిగ్రీ మొదటి ఏడాదిలోనే తెలుగు మాటను తరగతి నుంచి తీసేస్తే మనకు దక్కే లాభమేమిటి? జవాబు పత్రం ఇంగ్లీషులోనే రాయించండి. పాఠం మాత్రం రెండు భాషల్లో నడవాలి. మంచి అధ్యాపకులు ఇప్పటికీ ఆ పని చేస్తున్నారు. అయితే దానికి పుస్తకం తోడు లేదు, పైనుంచి ఆమోదం లేదు, తప్పు చేస్తున్నామేమో అన్న బెరుకుతో చేస్తున్నారు.

భాష తర్వాత మిగిలేది సరుకు. ఇక్కడ పలాస గురించి కాస్త ఆగి చెప్పాలి.

పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కల ధర 80 కిలోల బస్తాకు చెబుతారు. ప్రపంచంలో పచ్చి జీడిపిక్కల నాణ్యతను కొలిచేది కూడా 80 కిలోల బస్తాతోనే. ఐవరీ కోస్ట్ నుంచో టాంజానియా నుంచో కొనేవాడు ఆ బస్తాలో ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందని అడుగుతాడు. 48 పౌన్లు అంటే సుమారు 22 కిలోలు. 80 కిలోల పిక్క కొంటే అమ్ముకోగల పప్పు అందులో నాలుగో వంతు చిల్లర. మిగిలినదంతా తొక్క, పొట్టు, తేమ. తొక్క నుంచి నూనె తీస్తారు, దానికీ ధర ఉంది. పప్పులోనూ గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మళ్లీ 210, 240, 320 అని గ్రేడులు. పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయన్నదే ఆ అంకె. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది, ధర తక్కువ. ఇప్పుడు చెప్పండి, బస్తా మీద పెట్టిన ఖర్చును గుండుకు ఎంత, బద్దకు ఎంత, తొక్కకు ఎంత అని ఎలా పంచాలి? బరువును బట్టి పంచితే ముక్కకూ గుండుకూ కిలో ఖర్చు ఒకటే అవుతుంది, ముక్క మీద నష్టం చూపిస్తుంది, గుండు మీద లేని లాభం చూపిస్తుంది. అమ్మకపు విలువను బట్టి పంచితే చిత్రం మారిపోతుంది. కాస్ట్ అకౌంటింగ్‌లో సంయుక్త ఉత్పత్తులు, ఉప ఉత్పత్తులు అన్న అధ్యాయం మొత్తం ఇదే. పుస్తకంలో అది ముడిచమురు శుద్ధి కర్మాగారంతోనో, ఏ, బీ, సీ అనే పేరులేని ఉత్పత్తులతోనో మొదలవుతుంది. ముడిచమురు చూడని పిల్లలకు ముడిచమురుతో, జీడిపప్పు ఒలిచే చేతుల మధ్య పెరిగిన పిల్లలకు కూడా ముడిచమురుతోనే పాఠం.

పన్ను సంగతి ఇంకా చక్కని పాఠం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు, అమ్మినవాడు కాకుండా కొన్నవాడే పన్ను కట్టాల్సిన సరుకుల చిన్న జాబితా ఒకటి ప్రకటించారు. అందులో రైతు అమ్మే, తొక్క తీయని జీడిపిక్కలున్నాయి. రివర్స్ చార్జీ అని దాని పేరు. రైతు రిజిస్టర్ కానక్కర్లేదు. పిక్కలు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి 5 శాతం తానే కట్టాలి. దాన్ని తన ఖాతాలో ఉన్న ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దుకోవడానికి లేదు, నగదుగానే కట్టాలి, కట్టిన తర్వాత ఆ మొత్తాన్నే క్రెడిట్‌గా తీసుకుని పప్పు అమ్మకం మీది పన్నులో తగ్గించుకోవచ్చు. బస్తా 10,000 రూపాయలనుకుందాం. వంద బస్తాలకు 10 లక్షలు, పన్ను 50,000. చివరికి ఆ 50,000 చేతికి తిరిగి వచ్చేదే. అయినా కొనుగోళ్ల కాలంలో, బ్యాంకు పరిమితి నిండిపోయి ఉన్నప్పుడు, ముందుగా నగదు తీయాలి. లాభనష్టాల ఖాతాలో ఒక్క రూపాయి తేడా రాదు, చేతిలో డబ్బు మాత్రం ఆడదు. లాభం వేరు, నగదు వేరు అన్న మాటను అధ్యాపకుడు నాలుగు పీరియడ్లలో చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క ఉదాహరణతో ఎక్కుతుంది.

జీడిపప్పు యూనిట్లోనే పప్పు ఒలిచే ఆడవారికి కిలోకు ఇంత అని కూలి లెక్కగడతారు. ఆ కూలి ప్రత్యక్ష వ్యయం. వారి పేర్లు మస్టరులో ఎలా నమోదయ్యాయి, ప్రావిడెంట్ ఫండ్ ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నవీ అకౌంటెంటు చూడవలసినవే. తల్లి చేసే పనిని తాను చదివే పుస్తకంలో ఒక పద్దుగా చూసిన అమ్మాయికి ఆ పద్దు మీద ఉండే శ్రద్ధ వేరు.

బియ్యం మిల్లులూ అంతే. ప్రభుత్వం సేకరించిన ధాన్యాన్ని ఆడించే మిల్లరు, పచ్చిబియ్యమైతే 100 కిలోల ధాన్యానికి 67 కిలోల బియ్యం తిరిగి ఇవ్వాలి. తవుడు, నూకలు, ఊక అతనివే. మర ఆడించే రుసుము తక్కువగా ఎందుకుందో ఈ మూడింటి ధర చూస్తేగానీ తెలియదు. ధాన్యం మిల్లరు గోదాములో ఉంటుంది కానీ అతని సరుకు కాదు, ఆస్తి అప్పుల పట్టీలో నిల్వగా చూపకూడదు. మనది కాని సరుకు మన దగ్గర ఉండడం అన్న సూక్ష్మాన్ని ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. గోగునార మీద బతికిన నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వైపు జూట్ వ్యాపారం, పొందూరులో చేతి వడుకు నూలుతో నేసే ఖద్దరు, టెక్కలి గ్రానైటు, పైడిభీమవరం మందుల కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో అధ్యాయానికి సరిపోతాయి.

ఇక్కడి తుఫాన్లూ ఒక పాఠమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. రెండోది పలాస పరిసరాల్లో తీరం దాటి ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చింది. కామర్స్ పుస్తకాల్లో గోదాము తగలబడిన వ్యాపారి లెక్క ఒకటి ఉంటుంది. గత ఏళ్ల స్థూల లాభం శాతం పట్టుకుని, ప్రమాదం నాటికి ఎంత సరుకు ఉండి ఉంటుందో వెనక్కి లెక్కగట్టి, పాలసీ మొత్తం సరుకు విలువకన్నా తక్కువైతే సగటు నిబంధన ప్రకారం క్లెయిము ఎంత తగ్గుతుందో తేల్చాలి. విద్యార్థులు దీన్ని పది మార్కుల ప్రశ్నగా చూస్తారు. తీర ప్రాంతపు చిన్న వ్యాపారికి ఇది తిరిగి షట్టరు ఎత్తడమా, మానడమా అన్న ప్రశ్న. కొనుగోలు బిల్లులు దాచి, నిల్వ పుస్తకం రాసి ఉంచినవాడు సర్వేయరు ముందు నిలబడగలడు. చీటీల మీద, జ్ఞాపకం మీద వ్యాపారం చేసినవాడికి నిజంగా పోయిన సరుకును రుజువు చేసే దారి ఉండదు. తుఫాను ప్రతిసారీ మన దారినే వస్తున్నప్పుడు ఆ పాఠాన్ని అగ్గిప్రమాదంతో చెప్పి ఊరుకోవడం నాకు మింగుడుపడదు.

లెక్కలు రాయడంలో ఈ జిల్లాల ఆడవారి అనుభవం మరీ పెద్దది. ప్రపంచ బ్యాంకు సాయంతో 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పది పదిహేను మంది ఆడవారు సంఘంగా చేరి పొదుపు, అప్పు, వడ్డీ, వాయిదా రాసుకున్నారు. సంఘాలు కలిసి గ్రామ సంఘం, అవి కలిసి మండల సమాఖ్య. పథకం పేర్లు మారినా మండలాల్లో ఇప్పటికీ 'వెలుగు ఆఫీసు' అనే అంటారు. పదో తరగతో ఇంటరో చదివిన యానిమేటరు చేత్తో రాసిన పుస్తకాలను నమ్మి బ్యాంకులు లక్షల్లో అప్పులిచ్చాయి. ఇక బి.కాంలో వ్యాపారేతర సంస్థల ఖాతాల అధ్యాయం తెరవండి. అక్కడ ఉండేది క్రికెట్ క్లబ్బు. సభ్యుల చందా బకాయిలు, ముందుగా వచ్చిన చందాలు, పాత బ్యాట్ల అమ్మకం. వసూళ్లు చెల్లింపుల ఖాతా నుంచి ఆదాయ వ్యయాల ఖాతా తయారు చేయండి. మన ఊళ్లలో క్రికెట్ క్లబ్బు ఎక్కడుంది? మహిళా సంఘం వీధికొకటి ఉంది. ఆ సంఘానికి రావలసిన వడ్డీ ఈ ఏటి ఆదాయమా కాదా అన్న ప్రశ్న క్లబ్బు చందా ప్రశ్న కన్నా లోతైనది కూడా.

ఇంత స్థానికంగా నేర్పితే పిల్లలు ఇక్కడే ఉండిపోతారా, హైదరాబాదు కంపెనీకి ఇది పనికొస్తుందా అని అడిగేవారున్నారు. న్యాయమైన సందేహమే. సూత్రం ఎక్కడైనా ఒకటే. దాన్ని తెలిసిన సరుకు మీద పట్టుకున్నవారు తెలియని సరుకు మీదకు మోసుకెళ్లగలరు. జీడిపప్పు ఖర్చు పంచగలిగిన కుర్రాడు మందుల కంపెనీలోనూ పంచగలడు. ఏ సరుకూ ఎరగకుండా సూత్రం మాత్రం బట్టీ పట్టినవారే రెండు చోట్లా తడబడుతున్నారు. ఇంటర్వ్యూలో ఇన్‌వాయిస్ చేతికిచ్చి నమోదు చేయమంటే, ఏది డెబిట్ అని వెతుక్కుంటున్నది వారే. కంప్యూటర్ అప్లికేషన్స్ అన్న పేరు దీనికి మందు కాదు. ట్యాలీలో ఏ మీట నొక్కాలో మూడు నెలల్లో ఏ ఇన్‌స్టిట్యూట్ అయినా నేర్పుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ జాడ మిగల్చాలన్న నిబంధన ఎందుకొచ్చిందో, చిట్టాలో కొట్టివేత ఉండకూడదని పాత గుమాస్తాలు ఎందుకు పట్టుబట్టేవారో కలిపి చెప్పవలసింది డిగ్రీ చదువు.

పై మెట్ల గురించి కూడా పిల్లలకు వేళకు చెప్పాలి. 55 శాతం మార్కులతో బి.కాం పూర్తిచేసినవారు ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. 2023 జూలై నుంచి ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. పలాస, పార్వతీపురం పిల్లలకు ఆ తగ్గిన ఏడాది విశాఖలో ఒక ఏడాది గది అద్దె, మెస్ బిల్లు. సీఏ దాకా పోలేనివారికీ దారి మూసుకుపోలేదు. బి.కాం పట్టాతో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకుని ఊళ్లోని కొట్లకు రిటర్నులు వేసిపెట్టవచ్చు. నెలనెలా పని ఉంటుంది. చాలా కళాశాలల్లో ఈ మాటలు చివరి సెమిస్టరులో, అదీ ఎవరైనా అతిథి వచ్చి చెబితే తెలుస్తున్నాయి. అప్పటికి 52 శాతం దగ్గర ఆగిపోయినవారికి ఆ మూడు శాతం ఎలా తెచ్చుకోవాలో చెప్పేవారు లేరు.

కొత్తగా పథకం ఏదీ అక్కర్లేదు, ఉన్నదాన్ని వాడుకుంటే చాలు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆ పైన ఒక సెమిస్టరు. దేశంలో చాలా రాష్ట్రాలు ఇవ్వని వెసులుబాటు ఇది. దాన్ని సర్టిఫికెట్టు సంపాదించే తంతుగా మారనివ్వకూడదు. ఒకరి నివేదికలోని పేరాలు మరొకరి నివేదికలో కనిపించడం, పని చూడకుండానే ముద్ర పడడం గురించి అధ్యాపకులు తమలో తాము బాధపడుతూనే ఉన్నారు. కామర్స్ విద్యార్థికి ఇవ్వవలసిన పని చాలా సూటిగా ఉంటుంది. ఒక సంఘం పుస్తకాలు తీసుకుని ఒక ఏడాది ఆదాయ వ్యయాల ఖాతా తయారుచేయడం. ఒక కొట్టుకు బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక రాసిపెట్టడం. ఒక మిల్లులో ఒక వారం ధాన్యం దిగుబడి లెక్కగట్టడం. యజమాని పేరు, అంకెలు బయటపడకుండా మార్చి, ఆ లెక్కలనే మరుసటి ఏడాది తరగతికి పాఠంగా పెట్టవచ్చు. ఐదేళ్లు అలా పోగుచేస్తే ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం చేతిలో ఈ ప్రాంతపు వ్యాపారమంతా అభ్యాసాల పుస్తకంగా ఉంటుంది, తెలుగు మాట పక్కన ఇంగ్లీషు మాటతో సహా.

వ్యాపారులు పుస్తకాలు చూపిస్తారా అన్న అనుమానం ఉంది. అందరూ చూపించరు. కానీ రిటర్ను గడువు తప్పి జరిమానా కట్టినవాడు, సర్వేయరు ముందు తలదించుకున్నవాడు, అప్పుకు బ్యాంకుకు వెళ్లి ఆస్తి అప్పుల పట్టీ లేక తిరిగి వచ్చినవాడు ప్రతి బజారులోనూ ఉన్నారు. లెక్క తెలిసిన అమ్మాయో అబ్బాయో కళాశాల ఉత్తరంతో వచ్చి రెండు నెలలు ఉచితంగా కూర్చుంటామంటే వారు కాదనరు.

మొదటి ఏడాది పరీక్షలు అయ్యాక ఆ రెండు నెలలు వేసవిలో వస్తాయి. ఉద్దానంలో జీడిపిక్కలు రాలి, బస్తాలకెక్కి, కాశీబుగ్గ కాటాల మీదకు చేరే రోజులు కూడా అవే.